చెరకు తోటల మీదుగా జులూలాండ్‌కి

ఆగస్టు 9 దక్షిణాఫ్రికాలో మహిళా దినోత్సవం, దేశమంతటా సెలవు. 2024లో అది శుక్రవారం పడింది. శని, ఆదివారాలు కలిసొచ్చాయి. క్వాజులు-నాటల్ విశ్వవిద్యాలయంలో ఒక సెమిస్టర్ చదవడానికి నేను డర్బన్ వచ్చి అప్పటికి కొన్ని వారాలే అయింది. వెస్ట్‌విల్ క్యాంపస్, హాస్టల్, బీచ్ తప్ప ఇంకేమీ చూడలేదు. ఉత్తరం వైపు పోదామని మా క్లాసులో అమ్మాయి అడిగితే వెంటనే సరేనన్నాను.

మేం నలుగురం. ఇక్కడ పేర్లు రాయను, ఊళ్లతోనే పిలుస్తాను. కారు టొంగాట్ అమ్మాయి వాళ్ల నాన్నది, పాత కరోలా. ఆమె తాత ముత్తాతలు కూలీ ఒప్పందం మీద ఓడెక్కి వచ్చిన తెలుగువాళ్లు. రెండోవాడు ముటుబటుబా కుర్రాడు. జులు జాతి వాడు, మేం వెళ్లే చోటు వాడికి పుట్టిన ప్రాంతం. మూడో మనిషి నైరోబీ నుంచి నాలాగే సెమిస్టర్‌కి వచ్చిన అమ్మాయి. నాలుగోవాణ్ణి నేను, శ్రీకాకుళం జిల్లా వాణ్ణి. తీర ప్రాంత పర్యావరణం చదువుతున్నాను. ఇక్కడ కూడా మనలాగే ఎడమవైపు నడుపుతారు కాబట్టి స్టీరింగ్ పట్టుకోవడానికి నాకేం టెన్షన్ అనిపించలేదు. మన లైసెన్సు ఇంగ్లీషులో ఉంటే ఇక్కడ చెల్లుతుంది.

శుక్రవారం

ఎన్2 హైవే ఎక్కి ఉత్తరానికి తిరిగాక కాసేపటికే మౌంట్ ఎడ్జ్‌కోంబ్. ఒకప్పుడిది పూర్తిగా చెరకు ఎస్టేటు. ఇప్పుడు గోల్ఫ్ మైదానాలు, గోడలు కట్టిన కాలనీలు, పెద్ద పెద్ద మాల్స్. వాటి మధ్య ఒక వినాయకుడి గుడి ఉంది. 1898లో కట్టారు. కట్టినాయన కిష్టప్ప రెడ్డి. ఆ రోజుల్లో ఈ ప్రాంతం నాటల్ అనే బ్రిటిష్ కాలనీ, ఇక్కడ చాలా గుళ్లు కట్టిన మేస్త్రీ ఆయన. గుడి చిన్నది. మా పక్క ఊరి రామాలయమంత ఉంటుందేమో. కానీ అయిదేళ్ల ఒప్పందానికి వేలిముద్ర వేసి, పొద్దు పొడవక ముందే కత్తి పట్టుకుని చెరకులోకి దిగే మనుషులు, మిగిలిన కాస్త ఓపికతో, మిగిలిన కాస్త డబ్బుతో కట్టుకున్న గుడి అది. లోపలికి వెళ్లి దండం పెట్టుకుంటే నాకు గొంతు పట్టేసింది. నిజం చెప్పాలంటే దేవుడి కన్నా ముందు నాకు ఆ ఇటుకలే కనిపించాయి.

ఈ ఊరికి ఇంకో చరిత్ర ఉంది. ఒప్పందం ముగిసినా తిరిగి ఇండియాకి వెళ్లకుండా ఇక్కడే ఉండిపోయే కూలీల మీద ఏటా 3 పౌండ్ల పన్ను వేస్తూ నాటల్ ప్రభుత్వం 1895లో చట్టం తెచ్చింది. పౌండుకి 20 షిల్లింగులు. నెలకి 10 షిల్లింగుల జీతంతో మొదలయ్యే మనిషికి 3 పౌండ్లంటే ఆరు నెలల కష్టం. 1913లో గనుల్లో మొదలైన సమ్మె తోటల్లోకి పాకింది. మౌంట్ ఎడ్జ్‌కోంబ్ దగ్గర తుపాకులు పేలాయి, కూలీలు చనిపోయారు. మరుసటి ఏడాది ఆ పన్ను రద్దయింది. స్కూల్లో మనం చదివేది గాంధీని రైల్లోంచి తోసేసిన సంగతి వరకే. ఈ తోటల్లో చచ్చిపోయినవాళ్ల గురించి చదివిన గుర్తు నాకు లేదు. చదవాల్సింది.

టొంగాట్ చేరేసరికి గాలిలో కాలిన వాసన. ఏప్రిల్ నుంచి డిసెంబర్ దాకా ఇక్కడ చెరకు గానుగల కాలం. నరికే ముందు తోటకి నిప్పు పెట్టి ఎండుటాకు కాల్చేస్తారు. సన్నటి నల్లటి పీలికలు ఎగిరొచ్చి కారు అద్దం మీద పడుతున్నాయి. వైపర్ వేయబోతే టొంగాట్ అమ్మాయి చెయ్యి పట్టుకుంది. "వద్దు, అద్దమంతా నల్లగా పూసుకుపోతుంది. గాలికి అదే పోతుంది" అంది. చిన్నప్పుడు ఉతికి ఆరేసిన బట్టలు ఈ మసికి భయపడి పరుగున లోపలికి తెచ్చేవాళ్లట. పొగ ఏ వైపు నుంచి వస్తోందో చూశాకే వాళ్ల అవ్వ తీగ మీద బట్టలు వేసేదట.

ఊళ్లో జగన్నాథ పురి ఆలయం ఉంది, 1901 నాటిది. పూరీ గుడి పోలికలో కట్టారు. మా జిల్లాలో పూరీ వెళ్లని ఇల్లు తక్కువ. చూడగానే ఆ శిఖరం వాలు తెలిసిపోయింది. చుట్టూ తిరిగి, ఫోటోలు తీసుకుని అవ్వ ఇంటికి వెళ్లిపోయాం.

అవ్వ అంటే టొంగాట్ అమ్మాయి నాన్నమ్మ. ఎనభై దాటింది. నేను కాళ్లకి దండం పెడితే తల నిమిరి, ఇంగ్లీషులోనే, "ఏ ఊరు నాయనా మీది?" అని అడిగింది. శ్రీకాకుళం అన్నాను. తెలియలేదు. వైజాగ్ దగ్గర అన్నాను. అప్పుడు లేచి లోపలికి వెళ్లి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చింది. అందులో జిరాక్స్ కాగితం. ఓడ జాబితాలో వాళ్ల వంశానికి మొదటివాడి వరస.

1860 నవంబర్ 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ 340 మందికి పైగా కూలీలతో డర్బన్ రేవుకి చేరింది. అప్పటి నుంచి 1911 వరకు 1,52,000 మందికి పైగా ఇలా వచ్చారు. వాళ్లలో ఇంచుమించు మూడింట రెండొంతుల మంది ఎక్కింది మద్రాసు రేవులోనే. ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చేవాళ్లు. ఓడ పేరు, మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద గుర్తులు, అన్నీ అడ్డగీతల మధ్య గడుల్లో రాసుకునేవాళ్లు. అవ్వ చేతిలో ఉన్న కాగితంలో జిల్లా గడిలో వైజాగపటం అని ఉంది. గుర్తుల గడిలో ఎడమ మోకాలి మీద మచ్చ. వయసు ఇరవై రెండు. ఇంటి నుంచి బయల్దేరిన ఆ మనిషి గురించి వాళ్ల దగ్గర మిగిలిన వివరం ఆ మచ్చ ఒక్కటే. ఫోటో లేదు, ఉత్తరం లేదు. ఏ పనిలో తగిలిన దెబ్బో, ఏ చెట్టు మీంచి పడితే అయిందో. అవ్వ ఆ గడి మీద వేలు పెట్టి నాకు చూపిస్తుంటే నేను ఆమె వేలునే చూస్తూ ఉండిపోయాను.

ఊరు పేరు మాత్రం ఎవరికీ అంతు పట్టలేదు. గుమస్తాకి ఎలా వినిపిస్తే అలా గిలికేశాడు. చివర కోడూరు అని ఉన్నట్టుంది. మా వైపు కోడూరుతో ముగిసే ఊళ్లు చాలా ఉన్నాయి. మొదటి సగం ఎంత చూసినా కుదరడం లేదు. "నువ్వు ఆ వైపు వాడివి కదా, చూసి చెప్పు" అని అవ్వ అడిగింది. ఫోన్‌లో ఫోటో తీసుకుని, కనుక్కుంటాను అవ్వా అన్నాను.

భోజనంలో పులిహోర, పప్పు, చింతపండు పులుసుతో వండిన చేపల కూర. చేపల కూరలో వంకాయ ముక్కలు, మెంతులు, కరివేపాకు. కారం మన కన్నా ఒక మెట్టు ఎక్కువే. నైరోబీ అమ్మాయి రెండుసార్లు వడ్డించుకుంది. ముటుబటుబా కుర్రాడికి ఈ వంట కొత్తేమీ కాదు, డర్బన్‌లో చదివినవాళ్లంతా ఈ కారానికి అలవాటు పడినవాళ్లే. అన్నం తిన్నాక అవ్వ భజన పుస్తకం చూపించింది. బాల్‌పెన్నుతో, ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్న తెలుగు కీర్తనలు. పేజీలు పసుపు మరకలతో మెత్తబడి ఉన్నాయి. తెలుగు చదవడం రాదు, మాట్లాడడం కొద్దికొద్దిగానే. కానీ పాడితే ఒక్క అక్షరం తప్పలేదు. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో అక్కడ చిన్న గీత కూడా పెట్టుకుంది. డర్బన్‌లో 1931లో మొదలైన ఆంధ్ర మహాసభ ఇప్పటికీ ఇలాంటి వాళ్ల వల్లే నడుస్తోంది. మనం అమెరికాలో తెలుగు సభల గురించి ఎంతో మాట్లాడుకుంటాం. అంతకు ఎన్నో ఏళ్ల ముందే, డబ్బూ హోదా లేని రోజుల్లోనే, ఈ సముద్రం ఒడ్డున మనవాళ్లు సభ పెట్టుకున్నారు. ఆ సంగతి మనలో ఎంతమందికి తెలుసు?

ఆ రోజు మహిళా దినోత్సవం కదా, టీవీలో ప్రసంగాలు వస్తున్నాయి. నల్లవాళ్లు ఎప్పుడూ అనుమతి పత్రం దగ్గర పెట్టుకు తిరగాలనే పాస్ చట్టాలకి వ్యతిరేకంగా 1956 ఆగస్టు 9న ఇరవై వేల మంది ఆడవాళ్లు ప్రిటోరియాలో ప్రభుత్వ భవనం దాకా నడిచారు. లిలియన్ ఇంగోయి, హెలెన్ జోసెఫ్, రహీమా మూసా, సోఫియా విలియమ్స్ ముందు నిలబడ్డారు. అవ్వ టీవీ వైపు చూస్తూ, తోటల్లో ఆడకూలీలకి మగవాళ్ల కూలీలో సగమే ఇచ్చేవాళ్లని చెప్పింది. "మా అమ్మమ్మ సగం కూలీకి చేసింది" అంది. గొంతులో కోపం లేదు గానీ, టీవీ మాత్రం ఆపనివ్వలేదు.

బయల్దేరేసరికి బాగా ఆలస్యమైంది. మిగిలిన పులిహోర డబ్బాలో పెట్టి ఇచ్చింది. గ్రౌట్‌విల్ దాటాం. నోబెల్ శాంతి బహుమతి అందుకున్న మొదటి ఆఫ్రికన్ ఆల్బర్ట్ లుతులి ఊరు అది. ఆగలేదు, ఆగాల్సింది. క్వాడుకూజాలో మాత్రం ముటుబటుబా కుర్రాడు పట్టుబట్టి ఆపించాడు. జులు రాజ్యాన్ని ఒక్కటి చేసిన షాకా రాజధాని అది. 1828లో సవతి తమ్ముళ్లు ఆయన్ని చంపిందీ అక్కడే. ఊరి నడిబొడ్డున స్మారకం. మావాడు టోపీ తీసి కాసేపు నిలబడ్డాడు. పొద్దున్న గుడిలో నేను నిలబడ్డట్టే.

తుగేలా నది వంతెన ఎక్కగానే వాడు కిటికీ అద్దం దించి, "ఇక్కడి నుంచి మా దేశం" అన్నాడు. నాటల్ కాలనీకి, జులు రాజ్యానికి ఈ నదే సరిహద్దు. 1879 జనవరిలో బ్రిటిష్ సైన్యం దీన్ని దాటింది. అదే నెల 22న ఇసాండ్ల్వానా దగ్గర జులు సేన వాళ్లని ఓడించింది కూడా. ఆ ఓటమి తర్వాత బ్రిటిష్ వాళ్లు ఇంకా పెద్ద సైన్యంతో వచ్చారు. మావాడు ఈ కథ చెప్పినంతసేపూ కారులో పాటలు ఆపేశాం.

ఎంపంగేని తర్వాత చెరకు తగ్గి, రోడ్డుకి రెండు పక్కలా నీలగిరి తోటలు మొదలయ్యాయి. దుంగల లారీలు ఎదురొస్తున్నాయి. సెయింట్ లూసియా చేరేసరికి చీకటి పడింది. ఊళ్లోకి అడుగు పెట్టగానే బోర్డు కనిపించింది: రాత్రిపూట నీటి గుర్రాలతో జాగ్రత్త. అద్దె ఇంటి యజమానురాలు కూడా తాళాలు ఇస్తూ అదే చెప్పింది. చీకట్లో నడవొద్దు, గేటు దాకా వెళ్లినా టార్చి వేసుకుని వెళ్లండి అని.

రాత్రి సరుకుల కోసం కారులో వెళ్లి వస్తుంటే వీధి మలుపులో, ఒకరింటి ముందు పచ్చిక మీద, ఉంది. పెద్దది, ఒంటరిది. టొంగాట్ అమ్మాయి లైట్లు తగ్గించి ఇంజిన్ ఆపేసింది. ముందు దాని ఆకారం కన్నా చప్పుడు వినిపించింది. పెదాలతో గడ్డి పట్టుకుని పర్రుమని తెంపుతోంది. తలెత్తదు, నమలడం ఆపదు, అడుగు ముందుకు వేసి మళ్లీ పర్రుమని తెంపుతుంది. చర్మం వీధి దీపం కింద తడిగా మెరుస్తోంది. రాత్రంతా మేసి ఒక్కోటీ నలభై కిలోల గడ్డి తింటుంది. పొట్టి కాళ్లని చూసి మోసపోకూడదు, గంటకి 30 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తగలదు. కారులో ఎవరం మాట్లాడలేదు. అది పచ్చిక ముగించుకుని, రోడ్డు దాటి, పక్కింటి వైపు వెళ్లాక గానీ కదల్లేదు.

శనివారం

సెయింట్ లూసియా ఊరు చుట్టూ ఉన్నది ఇసిమంగలిసో చిత్తడి నేలల పార్కు. 1999లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కిన దక్షిణాఫ్రికా మొదటి స్థలాల్లో ఇదొకటి. సరస్సు, అడవి, పచ్చిక బయళ్లు, ఇసుక దిబ్బలు, వాటికి అవతల హిందూ మహాసముద్రం, అన్నీ ఒకదాని పక్కన ఒకటి. పొద్దున్నే భంగాజి గేటు దగ్గర టికెట్ తీసుకుని కేప్ విడాల్ వైపు వెళ్లాం. దారిలో జీబ్రాలు, అడవి పందులు, దూరంగా గేదెలు.

నేను ఈ యాత్రకి రావడానికి అసలు కారణం ఆ ఇసుక దిబ్బలు. చెట్లు కప్పిన తీరపు దిబ్బల్లో ప్రపంచంలోనే ఎత్తయిన వాటిలో ఇవి కొన్ని. ఈ ఇసుకలో టైటానియం ఖనిజాలు ఉన్నాయి. 1980ల చివర్లో ఇక్కడ తవ్వకాలు జరపాలని గనుల కంపెనీ ప్రయత్నించింది. దేశమంతా గొడవైంది, లక్షల సంతకాలు పడ్డాయి. చివరికి 1996లో మండేలా ప్రభుత్వం తవ్వకాలు వద్దని తేల్చేసింది. తవ్వకం బదులు పర్యాటకం మీద బతకాలని నిర్ణయించుకుంది. మా శ్రీకాకుళం తీరంలోనూ, భీమిలి వైపూ ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్ అనే ఖనిజాలు ఉన్నాయి. మా దగ్గర కూడా ఇదే వాదన: ఉద్యోగాలా, తీరమా అని. దిబ్బ మీదికి చెక్క మెట్లెక్కి, ఒకవైపు సరస్సు, ఇంకోవైపు సముద్రం చూస్తూ, వద్దని చెప్పిన తర్వాత ఒక తీరం ఎలా ఉంటుందో కళ్లారా చూశాను. ఉప్పుటేరుల్ని, దిబ్బల్ని పుస్తకాల్లో గీతలుగా చదివినవాడికి ఇది వేరే చదువు.

అయితే ముటుబటుబా కుర్రాడు మెట్ల మీద కూర్చుని చెప్పింది విన్నాక నా సంతోషం అంత తేలిగ్గా మిగల్లేదు. ఈ తూర్పు గట్టు మీద జులు కుటుంబాలు తరతరాలుగా బతికేవి. పైన్ తోటలు వేయడానికి, తర్వాత పార్కు పేరుతో వాళ్లని దశల వారీగా ఖాళీ చేయించారు. వాడి నాన్నమ్మ వాళ్లు అలా లేచిపోయినవాళ్లే. వర్ణవివక్ష పోయాక భూమి కోసం దావా వేశారు. 1999లో అది పరిష్కారమైంది. నష్టపరిహారం వచ్చింది, పూర్వీకులకి మొక్కుకోవడానికి భంగాజి సరస్సు దగ్గర కొంత చోటిచ్చారు. భూమి మాత్రం పార్కుగానే ఉంది. ఆ పైన్ చెట్లని తర్వాత ప్రభుత్వమే నరికించి మళ్లీ పచ్చిక పెరగనిచ్చింది. "మమ్మల్ని పంపించి నాటిన చెట్లు కూడా లేవు ఇప్పుడు" అన్నాడు. పార్కు ఉండకూడదని వాడు అనలేదు. వాడి బాబాయి ఈ పార్కులోనే పని చేస్తున్నాడు. ఈ రెండూ ఒకే నోటితో ఒక మనిషి చెబుతుంటే వినాలి. తీరాన్ని కాపాడడం అంటే అక్కడి మనుషుల్ని లేపేయడం కాదని నేను రాయబోయే ప్రతి వ్యాసంలో రాస్తాను.

కేప్ విడాల్ బీచ్‌లో ఎండ బాగుంది. ఆగస్టులో అక్కడ చలికాలం చివర, కానీ మధ్యాహ్నం చొక్కా విప్పేలా ఉంటుంది. పులిహోర డబ్బా తెరిచేసరికి కోతులు చెట్ల మీంచి దిగాయి. వెంటనే మూసేసి కారులో కూర్చుని తిన్నాం. సముద్రంలో దూరంగా తెల్లటి నీటి చిమ్ములు. హంప్‌బ్యాక్ తిమింగలాలు అంటార్కిటికా వైపు నుంచి మొజాంబిక్ వెచ్చటి నీళ్లలోకి పిల్లల్ని కనడానికి పోయే కాలమిది. ఒకటి వీపు చూపించింది, తర్వాత తోక లేపింది. నైరోబీ అమ్మాయి గట్టిగా అరిచేసింది. కెన్యాలో సింహాలు, ఏనుగులు చూసి పెరిగింది గానీ, తిమింగలాన్ని చూడడం ఆమెకి అదే మొదలు.

సాయంత్రం సరస్సు మీద బోటు. గుంపులు గుంపులుగా నీటి గుర్రాలు, చెవులు, ముక్కులు మాత్రమే పైకి. ఈ సరస్సులో ఎనిమిది వందలకి పైగా ఉన్నాయని అంచనా. మొసళ్లు గట్టు మీద నోరు తెరిచి ఎండ కాచుకుంటున్నాయి. రాత్రి ఊరంతా తిరిగేవి పగలు ఇలా ఒకదాని వీపు మీద ఒకటి తల ఆనించి పడుకుంటాయి. ఒడ్డున మడ చెట్లు. కోరంగి గుర్తొచ్చింది. వీటిని చూస్తూ ఎంతసేపైనా ఉండొచ్చు, కానీ బోటుకి టైముంది.

రాత్రి పెరట్లో బ్రాయ్, అంటే కట్టెల నిప్పుల మీద మాంసం కాల్చుకోవడం. నిప్పు వ్యవహారం ముటుబటుబా కుర్రాడిది, ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. మొక్కజొన్న పిండితో ముద్ద వండాడు. మా ఇంట్లో అంబలి కాచే వాసనే వచ్చింది. నైరోబీ అమ్మాయి, "మా ఇంట్లో రోజూ ఇదే, ఉగాలి అంటాం" అని చేత్తో ముద్ద చేసుకుని తినేసింది.

ఆదివారం

తెల్లవారక ముందే లేచాం. చలికాలంలో హ్లుహ్లువే-ఇమ్ఫలోజి పార్కు గేటు ఆరింటికి తీస్తారు. ముటుబటుబా మీదుగా న్యాలాజి గేటు చేరేసరికి మా ముందు అప్పటికే కార్లు ఉన్నాయి. గేటు దగ్గర ఉన్నాయన్ని "సావుబోనా, బాబా" అని జులు భాషలో పలకరిస్తే ముఖం విప్పారింది. మన సొంత కారులోనే తిరగొచ్చు. గంటకి 40 కిలోమీటర్లు దాటకూడదు, చూపించిన చోట్ల తప్ప దిగకూడదు.

1895లో రక్షిత ప్రాంతంగా ప్రకటించిన ఈ అడవి ఆఫ్రికాలోనే అత్యంత పాత వాటిలో ఒకటి. విస్తీర్ణం 960 చదరపు కిలోమీటర్లు. దీనికి ముందు ఇది జులు రాజుల వేట భూమి. తెల్ల ఖడ్గమృగం బతికిందంటే ఈ అడవి వల్లే. గత శతాబ్దం మొదట్లో దక్షిణాది తెల్ల ఖడ్గమృగాలు వందలోపే మిగిలాయి, అవీ ఇక్కడే. 1960లలో ఇయన్ ప్లేయర్ అనే వార్డెన్, ఆయన బృందం వాటిని మత్తిచ్చి పట్టి, లారీల్లో వేరే అడవులకి, ఇతర దేశాలకి పంపారు. ఒకే చోట ఉంటే ఏ జబ్బు వచ్చినా అన్నీ ఒక్కసారే పోతాయని వాళ్ల భయం. 2023 చివరికి ప్రపంచంలో ఉన్న దాదాపు 17 వేల దక్షిణాది తెల్ల ఖడ్గమృగాలు వాటి సంతానమే. ఇయన్ ప్లేయర్ పేరు అందరూ చెబుతారు. ఆయనకి ఈ అడవిని నేర్పినవాడు మగ్కుబు న్తోంబెలా అనే జులు గార్డు. ఆయన పేరు కూడా చెప్పుకోవాలి, ప్లేయరే జీవితాంతం చెప్పుకున్నాడు.

మొదటి ఖడ్గమృగం రోడ్డుకి పది అడుగుల దూరంలో, తల దించుకుని మేస్తూ కనిపించింది. పక్కన పిల్ల. ఇద్దరి మీదా చిన్న పిట్టలు. మొదట ఏదో తేడాగా అనిపించింది, తర్వాత అర్థమైంది: తల్లికి కొమ్ము లేదు. ముక్కు మీద రంపంతో కోసిన చదునైన మోడు, పట్టా కత్తితో కొట్టిన కొబ్బరి బోండాం పై భాగంలా. అంచులు గుండ్రంగా అరగదీసి ఉన్నాయి. మధ్యలో పీచులు పీచులుగా గీతలు కనిపిస్తున్నాయి.

2023లో దక్షిణాఫ్రికాలో వేటగాళ్లు 499 ఖడ్గమృగాల్ని చంపారు. వాటిలో 307 ఈ ఒక్క పార్కులోనే. దాంతో 2024 ఏప్రిల్‌లో ఇక్కడ కొమ్ములు కోసేయడం మొదలుపెట్టారు. కొమ్ము అంటే మన గోళ్లలో ఉండే కెరటినే, మత్తిచ్చి మొదలు వదిలేసి కోస్తే నొప్పి ఉండదు, మళ్లీ పెరుగుతుంది. పెరిగాక మళ్లీ కోయాలి. ప్రాణం కాపాడాలంటే ఇదొక్కటే తోవ అయింది. నేను దీన్ని తప్పు పట్టలేను. గడ్డి మేస్తూ తల తిప్పినప్పుడల్లా ఆ మోడు కనిపిస్తే మాత్రం బాధగా ఉంది. నైరోబీ అమ్మాయి ఇంకా ఎక్కువ కదిలిపోయింది. ఉత్తరాది తెల్ల ఖడ్గమృగాలు రెండే మిగిలాయి, రెండూ ఆడవే, రెండూ వాళ్ల దేశంలో ఓల్ పెజెటా అనే రక్షిత ప్రాంతంలో ఉన్నాయి. చివరి మగది, దాని పేరు సూడాన్, 2018లో పోయింది. "ఇక్కడ ఇంకా పిల్లలు పుడుతున్నాయి" అని పదే పదే అంది. పిల్ల తల్లి కాళ్ల మధ్యకి దూరి పాలు తాగుతుంటే ఫోన్ పక్కన పెట్టేసి చూస్తూ కూర్చుంది.

ఆ తర్వాత ఏనుగులు, జిరాఫీలు, నయాలా అనే జింకలు చాలానే కనిపించాయి. సింహం కనిపించలేదు. ఇక్కడ సింహం కనిపించలేదని అలిగేవాళ్లు ఎక్కువ. నాకు ఆ మాటే గుర్తు రాలేదు. ఇమ్ఫలోజి నది ఎండిపోయి ఇసుక మేటలుగా ఉంది. గట్టు మీద చూసే గుడిసెలో కూర్చుంటే, నీటి చాలు దగ్గరికి గేదెల మంద దుమ్ము రేపుకుంటూ దిగింది. మన ఎండాకాలంలా గడ్డి పొట్టిగా, చెట్లు ఆకులు రాలి ఉంటాయి కాబట్టి జంతువుల్ని చూడడానికి ఈ నెలలే మంచివి.

మధ్యాహ్నం తిరుగు ప్రయాణం. ముటుబటుబాలో మావాడి ఇంటి ముందు అయిదు నిమిషాలు ఆగాం, వాళ్లమ్మ ఇచ్చిన చిలగడ దుంపల సంచీ డిక్కీలో పెట్టుకున్నాం. టోల్ గేట్లు, లారీలు, చెరకు. డర్బన్‌లో బన్నీ చౌ తిని విడిపోయాం. రొట్టె సగానికి కోసి, లోపలి మెత్తటి భాగం తీసి, కూర నింపి ఇస్తారు. డర్బన్ భారతీయుల వంట ఇది. ప్లేటు అక్కర్లేదు.

సోమవారం

యాత్ర అయిపోయింది గానీ ఈ ఒక్క సంగతి రాయాలి. వెస్ట్‌విల్ క్యాంపస్‌లోనే పాత రికార్డులు దాచే గాంధీ-లుతులి డాక్యుమెంటేషన్ సెంటర్ ఉంది. రోజూ దాని ముందు నుంచే క్లాసుకి వెళ్తున్నాను. మధ్యాహ్నం లోపలికి వెళ్లి, అవ్వ కాగితంలోని ఓడ పేరు, నంబరు చెప్పి జాబితా చూపించమన్నాను.

ఒకే ఊరివాళ్లు కలిసి కూలికి చేరి, పక్క పక్క నంబర్లతో ఓడెక్కడం మామూలే. అదే ఊరిని గుమస్తా ఇంకో వరసలో కాస్త సరిగ్గా రాసి ఉంటాడేమోనని నా ఆశ. ముందూ వెనకా వరసలు చూసుకుంటూ వెళ్లాను. నాలుగు నంబర్ల తర్వాత, ముప్పై ఏళ్ల ఇంకో మనిషి. తాలూకా గడిలో పాలకొండ అని స్పష్టంగా ఉంది. ఊరు అదే, మొదటి అక్షరాలు మాత్రం వేరేగా రాశాడు. రెండూ పక్కన పెట్టి చదివితే మూడు ఊళ్లకి సరిపోతుంది. ఇంకా తేలలేదు.

రెండు వరసలూ రాసుకుని నాన్నకి పంపాను. పాలకొండలో తనతో పని చేసిన వీఆర్వో ఒకాయన ఉన్నారట, పాత రికార్డులు చూసి చెప్పమని అడుగుతానన్నారు. అవ్వకి ఫోన్ చేసి పాలకొండ వరకు వచ్చామని చెప్పాను. పేరు ఇంకోసారి చెప్పమంది, పెన్ను తీసుకుని అక్షరం అక్షరం రాసుకుంది.